ప్రకటింపని యుద్ధమునకు వీరపతకము

2021 సం. గణతంత్ర దినోత్సవ సందర్భమున భారత ప్రభుత్వము ప్రకటించిన వీరపతకములలో, యుద్ధకాల పతకముల వరుసకు జెందిన మహావీర చక్రమొకటి తెలుగువానికి లభించినది. సూర్యాపేట వాస్తవ్యుడు, 16వ బీహారు బెటాలియను నాయకుడునగు కర్నలు బిక్కుమళ్ల సంతోష్ బాబునకు మరణానంతరము ఆ గౌరవము నొసగిరి. నాటినుండి తెలుగువారు పదిమంది కూడినచోట వినవచ్చు ప్రశ్న యొక్కటే: పరమవీర చక్రము రావలసినవానికి మహావీర చక్రముతో నేల సరిపుచ్చిరి? వీరుని తండ్రియు, తనకు అసంతృప్తి లేదుగాని సంపూర్ణమైన తృప్తియు లేదనియు, కుమారునకు పరమవీర చక్రము రావలసియుండెననియు పత్రికలవారితో జెప్పియున్నారు. కన్నవారి మాటను తూచి చూచుట యొరుల పని గాదు. కాని మిగిలిన మనము పతకము పెద్దదా చిన్నదా యను తగవులో బడి, ఆ పతకము ప్రభుత్వము నోట నేమి పలికించినదో దానిని సరిగా వినలేదని మా యభిప్రాయము.

జరిగిన సంగతి క్లుప్తముగా జ్ఞప్తి చేసికొందము. 2020 సం. వేసవిలో లడాఖు తూర్పు సరిహద్దున చీనా సైన్యములు ముందునకు జరిగి నిలిచినవి. జూను 6వ తేదీన ఉభయ సైన్యాధికారులు సమావేశమై, ఎదురెదురుగా నిలిచిన దళములను వెనుకకు దీయుట కంగీకరించిరి. గల్వాను లోయలో 14వ గస్తీ స్థలమని పిలువబడుచోట ఆ యంగీకారము నెరవేరలేదు. వాస్తవాధీన రేఖకు మనవైపున చీనావారొక కట్టడము నెలకొల్ప బ్రయత్నించిరని మన విదేశాంగ శాఖ తరువాత ప్రకటించినది. జూను 15వ తేదీ రాత్రి, గడ్డకట్టు చలిలో, నదీతీరపు రాళ్లమీద జరిగిన కొట్లాటలో సంతోష్ బాబుతోగూడ 20 మంది భారత సైనికులు ప్రాణములు గోల్పోయిరి. ఆ సరిహద్దున మనవారు శత్రువు చేతిలో మరణించుట 1975 సం. తరువాత అదియే ప్రథమము.

ఆ రాత్రి తుపాకి ప్రేలలేదు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటరుల లోపల ఉభయపక్షములవారును కాల్పులు జరుపరాదని 1996 సం. ఒడంబడికలోని యారవ నిబంధన శాసించుచున్నది. మనవారిచెంత ఆయుధములున్నవనియు, ఎదురుపడినపుడు వానిని ప్రయోగింపకుండుట చిరకాలపు టాచారమనియు విదేశాంగ మంత్రి జైశంకరు జూను 18వ తేదీన వివరించిరి. ఫలితముగా నిరువదియొకటవ శతాబ్దమున, అణ్వస్త్రములుగల రెండు మహారాజ్యముల సైనికులు రాళ్లతోను, మేకులు దిగగొట్టిన దుడ్డుకఱ్ఱలతోను పోరాడిరి. పురాణములలోని ముష్టియుద్ధములు మనకు వింతగా దోచవుగాని, ఈ కాలపు సేనా నిబంధనలలో దీనికి పేరు లేదు. యుద్ధమా, అనగా ఎవరును యుద్ధము ప్రకటింపలేదు. శాంతియా, అనగా ఇరువదిమంది చనిపోయిరి.

పేరులేని యీ పోరాటమునకు పతక మీయవలసివచ్చినప్పుడు ప్రభుత్వ మొక పేరును నిర్ణయింపక తప్పలేదు. ఏలయన మన వీరపతకములు రెండు కుటుంబములు. పరమవీర, మహావీర, వీర చక్రములు శత్రు సమక్షమున చూపిన పరాక్రమమునకు మాత్రమే యీయదగినవి. 1950 సం. జనవరి 26వ తేదీన స్థాపించి, 1947 ఆగస్టు 15 నుండి వర్తింపజేసిరి. అశోక, కీర్తి, శౌర్య చక్రములు రెండవ కుటుంబము. శత్రువు ఎదుట గాక, వేరు సందర్భములలో జూపిన సాహసమునకు అవి చెల్లును. ఈ విభజనము మనవారు కల్పించినది గాదు. ఆంగ్లేయుల కాలమున విక్టోరియా క్రాసునకును జార్జి క్రాసునకును గల భేదమే యిది. 1944 సం. ఫిబ్రవరి 24వ తేదీన ఇటలీ దేశమున మిన్యానో వద్ద, మద్రాసు శాపర్ల దళమునకు జెందిన సుబేదారు సుబ్రహ్మణ్యన్ అను తమిళ సోదరుడు, ప్రేలనున్న మందుపాతరపై తన శరీరమును వైచి తోడివారిని గాపాడెను. మహాయుద్ధము నడిమిలోనే యది జరిగినను, ఎదుట శత్రువు నిలిచియుండలేదు గనుక ఆయనకు దక్కినది విక్టోరియా క్రాసు గాదు, జార్జి క్రాసు. నిబంధన యంత నిక్కచ్చియైనది. యుద్ధము జరుగుచుండుట ప్రధానము గాదు, శత్రువు ఎదుట నుండుట ప్రధానము.

ఈ దృష్టితో జూచినచో 2021 సం. పట్టిక యెంత చెప్పుచున్నదో బోధపడును. 2020 జూను 19వ తేదీన అఖిలపక్ష సమావేశమున ప్రధానమంత్రి, మన భూభాగమున ఎవరును ప్రవేశింపలేదనియు, మన స్థావరము లేవియు నొరుల వశమున లేవనియు పలికిరి. ఆ మాటలపై వాదము రేగగా మరునాడు ప్రధాని కార్యాలయము వివరణ మిచ్చుకొనవలసివచ్చెను. పిమ్మట నెలల తరబడి ప్రభుత్వ ప్రకటనలలో ఘర్షణ, ప్రతిష్టంభనము, విరమణము అను మెత్తని పదములే వినవచ్చినవి. పతక ప్రశంసాపత్రమట్లు పలుకలేదు. హిమచిరుత యను సైనిక చర్యలో, శత్రువున కెదురుగా పరిశీలన స్థావరము నెలకొల్పు బాధ్యతను కర్నలు సంతోష్ బాబు నిర్వహించెననియు, తీవ్రముగా గాయపడియు తుదిశ్వాసవరకు ముందునిలిచి నడిపించెననియు అది స్పష్టముగా జెప్పినది. సమావేశములలో జంకుతో బలికినదానిని రాష్ట్రపతి భవనపు పత్రము జంకులేక శత్రువని యన్నది. దౌత్యమునకు దాచవలసిన మాటలుండవచ్చును, అందు తప్పు లేదు. కాని చట్టబద్ధమైన పత్రమునందు ప్రభుత్వము వ్రాసినదే దాని నిజమైన మాటగా గొనవలెను.

ఇక పరమవీర చక్రము విషయము. యుద్ధము ప్రకటింపబడలేదు గనుక ఆ పతక మీయ వీలుపడలేదని కొందరు సమర్థించిరి. ఈ వాదము నిలువదు. 1961 సం.న కాంగోలో ఐక్యరాజ్య సమితి పక్షమున శాంతిరక్షణకై వెళ్లిన కెప్టెను గురుబచన్ సింగు సలారియాకు పరమవీర చక్రము వచ్చినది. 1987 సం.న సియాచిను మంచుశిఖరముపై నాయబు సుబేదారు బాణాసింగునకును, అదే యేట సింహళమున మేజరు రామస్వామి పరమేశ్వరునకును వచ్చినది. 1999 సం. కార్గిలులో నలుగురికి వచ్చినది. వీనిలో నొక్కటియు లాంఛనముగా ప్రకటించిన యుద్ధము గాదు. చట్టము అడ్డు రాలేదనుట నిశ్చయము.

అట్లని మహావీర చక్రమును అన్యాయమని నిందించువారితోను మేమేకీభవింపజాలము. స్వాతంత్ర్యానంతరము పరమవీర చక్రము పొందినవారు 21 మంది మాత్రమే. అందులో 14 మందికి మరణానంతరమే లభించినది. ఆ వరుసలో చేరుటకు కావలసిన సాక్ష్యము, తూకము, వేరు. చీనాతో యుద్ధమువరకు బోని ఘర్షణలలో మనకొక పూర్వోదాహరణము గలదు. 1967 సం. సెప్టెంబరులో నాథులా కనుమవద్ద ఫిరంగులు మ్రోగిన పోరులో, 2వ గ్రెనేడియరు బెటాలియనును నడిపిన లెఫ్టినెంటు కర్నలు రాయ్ సింగునకు మహావీర చక్రమే యిచ్చిరి. సంతోష్ బాబును ఆ సరసన నిలిపిరనుట యవమానము గాదు. తోడివారు పొందిన వీర చక్రములనుగూడ మరువరాదు. నాయబు సుబేదారు నుదూరాం సోరెను, హవల్దారు పళని, నాయకు దీపక్ సింగు, సిపాయి గురుతేజ్ సింగు, వీరు నలుగురును అమరులు. హవల్దారు తేజీందర్ సింగు బ్రతికి పతకము ధరించినవాడు. వీరిలో దీపక్ సింగు వృత్తి వైద్య సహాయము. గాయపడిన వాడయ్యు, ముప్పదిమందికి పైగా సైనికులకు ఆ రాత్రి చికిత్స చేసి ప్రాణములు నిలిపెను. చంపుటకు గాక బ్రతికించుటకు యుద్ధకాల పతకము పొందిన యీతని పేరును తెలుగు పత్రికలు మరికొంత చాటియుండవలసినది.

ఈ సందర్భమున ఎదుటిపక్షపు నడవడిని జూచుట యవసరము. మన ప్రభుత్వము ఇరువదిమంది మరణవార్తను మరునాడే యొప్పుకొన్నది. పేర్లను వెంటనే ప్రకటించినది. చీనా ప్రభుత్వము ఎనిమిది నెలలు పెదవి విప్పలేదు. 2021 సం. ఫిబ్రవరి 19వ తేదీన, నలుగురు చనిపోయిరని, వారికిని గాయపడిన రెజిమెంటు నాయకుడగు ఛీ ఫాబావునకును బిరుదులిచ్చితిమని ప్రకటించెను. అనగా వారు మరణములను చెప్పిన దినమే పతకముల దినము. ఆ లెక్కను శంకించుచు వ్రాసిన యొక చీనా దేశీయుని అక్కడి న్యాయస్థానము ఎనిమిది నెలలు చెరసాలకు బంపినది. మరుసటి యేడు పెకింగు శీతకాలపు ఒలింపిక్కు క్రీడల జ్యోతిని ఆ రెజిమెంటు నాయకుని చేతికిచ్చి పరుగెత్తించిరి. మన ప్రభుత్వము తన దౌత్యాధికారులను ఆ క్రీడల ప్రారంభ, ముగింపు సభలకు బంపక నిరసన దెలిపెను. వీరుని గౌరవించుటకును, వీరుని జెండాకఱ్ఱగా వాడుకొనుటకును గల యంతరము ఆ జ్యోతి పరుగులో దెల్లమైనది. మన దేశమునను ఎన్నికల సభలలో అమరుల చిత్రపటములు వ్రేలాడదీయు నలవాటు లేకపోలేదు. చీనావారిని జూచి నవ్వుటకు ముందు ఆ సంగతి తలంచుకొనుట మంచిది.

ఢిల్లీ నగరమున నివసించు తెలుగువారికి ఈ కథలో చరిత్ర సంబంధమైన చమత్కార మొకటి గలదు. ఉత్తర హిందూస్థానమున కుంఫిణీ సిపాయిని చిరకాలము «తిలంగా» యని పిలుచుచుండిరి. పదునెనిమిదవ శతాబ్దమున క్లైవుతో వంగదేశమునకు వచ్చిన తొలి సిపాయిలు మద్రాసు సీమవారు, వారిలో తెలుగువారు పెక్కురుండుటచేత నా పేరు స్థిరపడినది. పిదప బంగాళా సేనలో అవధు, బీహారు ప్రాంతములవారే నిండిపోయినను పేరు మారలేదు. 1857 సం.న తిరుగబడి ఢిల్లీ కోటలో బ్రవేశించిన పూర్వదేశపు సిపాయిలను ఈ నగర ప్రజలు తిలంగాలనియే వ్యవహరించిరి. పేరు తెలుగు, మనుష్యులు బీహారీలు. ఇంకను చూడుడు: 1941 సం.న బీహారు రెజిమెంటును స్థాపించునపుడు, 19వ హైదరాబాదు రెజిమెంటునకు జెందిన ప్రాదేశిక బెటాలియను నొకదానిని మార్చి తొలి బెటాలియనుగా జేసిరి. నూటయరువది సంవత్సరముల నాడు తిలంగాలని పిలువబడిన జనుల సంతతిని, నైజాము పేరు మోసిన దళమునుండి పుట్టిన రెజిమెంటులో, నిజమైన తెలంగాణపు బిడ్డ యొకడు నడిపి గల్వానులో నేలకొరిగెను.

దక్షిణాదివారు యుద్ధజాతులవారు కారను వాదమునుగూడ ఇచట తలంపవలెను. మద్రాసు సేనకు 1881 నుండి 1885 వరకు అధిపతియైయుండిన రాబర్ట్సు సేనాని ఆ వాదమునకు పెద్ద బలము జేకూర్చెను. శ్రీరంగపట్టణము మొదలు బర్మావరకు పోరాడిన మద్రాసు పదాతి దళములు క్రమముగా తగ్గి, 1928 నాటికి రద్దయినవి. రెండవ ప్రపంచ యుద్ధమున మనుష్యులు కావలసివచ్చినపుడు, 1941లో, మద్రాసు రెజిమెంటును మరల బుట్టించిరి. యుద్ధజాతి యను లక్షణము అవసరమును బట్టి వచ్చుచు బోవుచుండునన్నమాట! సంతోష్ బాబు చదివిన సైనిక పాఠశాల విజయనగరము చెంతనున్న కోరుకొండలోనిది. సూర్యాపేట తెలంగాణములోనిది, కోరుకొండ ఆంధ్రములోనిది. 2014లో రాష్ట్రములు వేరైనను, ఈ వీరుని తమవానిగా జెప్పుకొనుటకు రెండింటికిని హక్కు గలదు. అచటినుండి జాతీయ రక్షణ విద్యాలయమునకును, 2004 డిసెంబరులో సేనాధికార పదవికిని ఆయన చేరినాడు. 1999 కార్గిలు పోరులో మహావీర చక్రము పొంది మరణించిన మేజరు పద్మపాణి ఆచార్య హైదరాబాదులో పుట్టి పెరిగినవాడే, కాని ఒడిసా నుండి వచ్చిన కుటుంబమువాడు. బరంపురమునను పర్లాకిమిడిలోను తరతరములుగా గాపురమున్న తెలుగువా రెందరో ఒడిసావారైన రీతినే, ఆయన హైదరాబాదువాడు. వీరులకు జాతి గుర్తు వేయువారు ఈ లెక్క యెట్లు తేల్తురో తెలియదు.

మాకు దోచిన నిజమైన లోపము పతకపు తరగతిలో లేదు. అది పతకముతోడి సంభావనలలో నున్నది. కేంద్ర ప్రభుత్వము 2017 సం.న నిర్ణయించిన లెక్కప్రకారము మహావీర చక్రమునకు నెలకు 10,000 రూపాయలు, వీర చక్రమునకు 7,000 రూపాయలు, పరమవీర చక్రమునకు 20,000 రూపాయలు భృతి. ఇది దేశమంతట నొక్కటే. దీనిపైన రాష్ట్రము లిచ్చునది రాష్ట్రమున కొకరీతి. తెలంగాణ ప్రభుత్వము సంతోష్ బాబు కుటుంబమునకు 5 కోట్ల రూపాయలు, హైదరాబాదులో నివేశన స్థలము, భార్యకు గ్రూపు ఒకటి తరగతి యుద్యోగము నిచ్చినది. అంతటితో నాగక, తక్కిన 19 మంది కుటుంబములకు, వారు తన రాష్ట్రమువారు గాకున్నను, తలకు 10 లక్షలు చొప్పున బ్రకటించినది. ఇది మెచ్చదగిన యౌదార్యము. అదే రాత్రి, అదే లోయలో మరణించిన రామనాథపురపు పళని కుటుంబమునకు తమిళనాడు ప్రభుత్వము 20 లక్షలును ఒక యుద్యోగమును బ్రకటించినది. ఐదుకోట్లకును ఇరువది లక్షలకును మధ్య నిరువదియైదు రెట్ల భేదము. ఒకరు అధికారి, ఒకరు హవల్దారు గనుక భేదముండవచ్చునందురా? రక్షణశాఖ తానిచ్చు పింఛనులో ఆ భేదము నెట్లును పాటించుచునే యున్నది. బహుమాన ధనమునందుగూడ దానిని బెంచుట యేల? రాష్ట్ర ఖజానా నిండుగనున్నదా, ముఖ్యమంత్రి మనసు కరగినదా, వార్త యెన్ని దినములు మొదటి పుటలో నిలిచినది యను విషయములపై సైనికుని బిడ్డల చదువు ఆధారపడరాదు.

2025 సం. మే నెలలో పాకిస్తానుతో జరిగిన పోరు ఈ ప్రశ్నను మరింత పదును చేసినది. అదియు బ్రకటింపని యుద్ధమే. ఆ యాగస్టులో 15 వీర చక్రము లొసగిరి. ఆ మే నెలలో నియంత్రణ రేఖవద్ద ప్రాణము విడిచినవారిలో శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలపు తండాకు జెందిన మురళీ నాయకు ఒకడు. తలిదండ్రులు పొట్టపోసికొనుటకై బొంబాయి చేరి కూలిపని చేసికొన్న తెలుగువారు. పూనా, షోలాపురము, బొంబాయిలలో ఇట్టి తెలుగు కుటుంబములు లెక్కకు మిక్కిలి. ఆంధ్ర ప్రభుత్వము వారికి ధనమును, భూమిని, ఉద్యోగమును బ్రకటించినది. కాని మురళీ నాయకు అగ్నివీరుడు. 2022 సం.న ప్రవేశపెట్టిన ఆ పద్ధతిలో జేరినవాడు విధి నిర్వహణమున మరణించినచో భీమా సొమ్ము, ఒక్కసారి యిచ్చు పెద్ద మొత్తము, మిగిలిన సేవాకాలపు జీతము కుటుంబమునకు ముట్టును. తక్కిన సిపాయిల కుటుంబములకు వచ్చు జీవితకాలపు పింఛను మాత్రము లేదు. ఒకే కందకములో నిలిచి, ఒకే గుండు దెబ్బకు చనిపోయిన యిద్దరి తల్లులలో నొకామెకు నెలనెల పింఛను వచ్చుట, రెండవ యామెకు రాకుండుట యెట్టి న్యాయమో ఈ పద్ధతిని రచించినవారు చెప్పవలెను. నాలుగేండ్ల కొలువునకు పింఛను భారము తగదందురు. కొలువు నాలుగేండ్లదే కావచ్చును. మరణము నాలుగేండ్లకు మాత్రమే గాదు గదా!

ఈ విషయమున కేంద్ర ప్రభుత్వము చేయదగినది రెండు మూడు గలవు. యుద్ధమున మరణించిన యేసైనికుని కుటుంబమునకైనను రాష్ట్రమెల్ల తప్పక యీయవలసిన కనీస సంభావనను, రాష్ట్ర ప్రభుత్వములతో నాలోచించి స్థిరపరుపవచ్చును. అంతకుమించి యిచ్చువారిని ఎవరును ఆపనక్కరలేదు. బీదరాష్ట్రములకు కొరత పడిన సొమ్ము కేంద్రనిధి నుండి యీయవచ్చును. మరణించిన యగ్నివీరుని కుటుంబమునకు పింఛను విషయమున తక్కినవారితో సమానత్వము గలిగించుటకు కావలసిన ధనము, దేశ రక్షణ వ్యయములో లెక్కకు రానంత స్వల్పము. పతకముల నిర్ణయమునుగురించి యిపుడు ప్రజలకు దెలియునది తుది ఫలము మాత్రమే. ఏ పతకమునకు సిఫారసు వచ్చినది, ఏ పతకము నిచ్చిరి యను సంగతిని కొంతకాలము గడచిన పిదపనైనను బయలుపరచినచో, తండ్రులకు సందేహము మిగులదు, వాదములకు చోటుండదు.

2021 నవంబరు 23వ తేదీన రాష్ట్రపతి భవనమున సంతోష్ బాబు భార్యయు తల్లియు కలిసి పతకము నందుకొనిరి. అంతకు ముందే సూర్యాపేటలో ఆయన విగ్రహము వెలసినది. ఇండియా గేటు చెంతనున్న జాతీయ యుద్ధ స్మారకమున 25,000 పైబడిన పేర్లలో ఆయన పేరును, తోడివారి పేర్లును చెక్కబడినవి. సెలవు దినములలో అచటికి బిడ్డలను గొనిపోవు మన తెలుగువారు ఆ గోడలలో వెదకి చూచుచుందురు. కాని యాతడు నిలబెట్టదలచిన స్థలమేమైనది? 2020 జూలైలో సేనలు వెనుకకు మరలినపుడు గల్వానులో ఉభయుల నడుమ నొక విరామ మండలము నేర్పరచి, అందు ఎవరును గస్తీ తిరుగకుండ నిర్ణయించుకొనిరి. 2024 అక్టోబరున కుదిరిన యేర్పాటు దెప్సాంగు, దెమ్చోకులలో గస్తీని మరల సాగించినది గాని, గల్వాను మండలమును స్పృశింపలేదు. పార్లమెంటులో మన తెలుగు సభ్యులు ఎవరైనను 14వ గస్తీ స్థలమునకు మన సైనికులు తిరిగి యెన్నడు పోగలరని రక్షణమంత్రిని ప్రశ్నింపవలసియున్నది.